వీలునామా లేదు, 20 ఏళ్లుగా మాటల్లేవు: విజయవాడలో నాన్న ఆస్తి, అప్పులు తేల్చుకోవడం ఎలా?

#1 పటమటలంక

అడిగించుకోకుండా వివరాలన్నీ ముందే పెడుతున్నాను. నాన్న 20 ఏళ్లుగా గుణదలలో వేరే కుటుంబంతో ఉన్నారు. మాకు రాకపోకలు లేవు. పోయిన నెల అక్కడే ఒక ఆసుపత్రిలో పోయారు. వీలునామా రాయలేదనే అంటున్నారు. అమ్మకు విడాకులు కాలేదు, ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. పిల్లలం నేను, అక్క. అక్క డాలస్‌లో ఉంటుంది. అవతల ఆవిడకి 16 ఏళ్ల అబ్బాయి. నాయనమ్మ ఉంది, తెనాలిలో పెదనాన్న దగ్గర.

మాకు తెలిసిన ఆస్తి: గుణదల ఫ్లాటు, అందులో వాళ్లే ఉంటున్నారు. తుళ్లూరులో ఎకరం 40 సెంట్లు మెట్ట, తాతగారి నుంచి వచ్చింది, రాజధాని భూసమీకరణకి (పూలింగుకి) ఇచ్చేశారు. ప్రభుత్వ పెన్షన్ వచ్చేది. బ్యాంకులు ఏవో తెలియదు. ఇద్దరు మనుషులు ప్రోనోట్లు పట్టుకొచ్చారు, ఒకటి 4 లక్షలు, ఒకటి రెండున్నర. అవతలి వాళ్లు బ్యాంకు పని కోసమని ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకాలు అడుగుతున్నారు. తలకొరివి ఆ అబ్బాయే పెట్టాడు, కాబట్టి ఆస్తి అతనిదే అని బంధువుల మాట. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 గవర్నరుపేట వకీలు

ముందు ఆ ఖాళీ కాగితాలు వెనక్కి పంపించండి. బ్యాంకుకి కావలసింది వాళ్ల ఫారంలోనే ఉంటుంది, ఖాళీ స్టాంపు కాగితంతో ఏ బ్యాంకుకీ పని లేదు.

తలకొరివికీ వాటాకీ సంబంధం లేదు. దూరంగా ఉన్నారన్నది కూడా చట్టానికి పట్టదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో వారసత్వం పోగొట్టుకునే కారణాలు రెండో మూడో ఉన్నాయి, హత్య చేసినవాడికి రాదు వగైరా. మాట్లాడకపోవడం అందులో లేదు.

నాన్నగారి స్వంత ఆస్తిలో వాటాదారులు: అమ్మ, మీరు, అక్క, ఆ అబ్బాయి, నాయనమ్మ. మొత్తం ఐదుగురు, తలా ఐదో వంతు. అమ్మతో వివాహం రద్దు కాలేదు కాబట్టి అవతల ఆవిడ చట్టప్రకారం భార్య కాదు, ఆవిడకి వాటా లేదు. ఆవిడ కొడుక్కి మాత్రం మీతో సమానంగా ఉంది. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ అతన్ని మీ నాన్నకు సక్రమ సంతానంగానే చూస్తుంది. ఇది మింగుడుపడక చాలామంది ఏళ్ల తరబడి దావాలు లాగుతారు, చివరికి వచ్చేది ఇదే లెక్క.

నాయనమ్మని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆవిడ సంతకం లేకుండా చేసిన పంపకం కాగితం ఎప్పుడో ఒకరోజు కొనుగోలుదారుడి బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో ఆగిపోతుంది. ఆవిడ కూడా రాయకుండా పోతే ఆవిడ ఐదో వంతు పెదనాన్నకీ, మేనత్తలుంటే వాళ్లకీ, మీ నాన్న బదులు మీకూ అక్కకీ చీలుతుంది. ఆవిడ ఉండగానే తేల్చుకోండి.

#3 కృష్ణలంక

ఇంత ఎందుకండీ, సచివాలయంలో లీగల్ హెయిర్ సర్టిఫికెట్‌కి పెడితే ఎమ్మార్వో ఇచ్చేస్తారు. అది చూపిస్తే అన్నీ మారిపోతాయి కదా?

#4 దస్తావేజు రైటరు

మారవు. తహసీల్దారు ఇచ్చేది కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. ఫలానా ఆయనకి ఫలానా వాళ్లు ఉన్నారని మాత్రమే అది చెబుతుంది, ఎవరికెంత అన్నది చెప్పదు, హక్కు ఇవ్వదు. ఇంటి పన్ను పేరు మార్పు, కరెంటు సర్వీసు పేరు మార్పు కూడా అంతే. అవతలి వాళ్లు కార్పొరేషన్‌లో పన్ను వాళ్ల పేరున మార్పించుకున్నా ఫ్లాటు వాళ్లది అయిపోదు. అయినా మీరు ఊరుకోవద్దు. అభ్యంతరం రాసిచ్చి రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

ఆ పత్రం మాత్రం వెంటనే పెట్టండి. ఆలస్యం చేస్తే అవతలి వాళ్లు వాళ్ల పేర్లతోనే తెచ్చుకుంటారు, తర్వాత ఆర్డీవో దగ్గర అప్పీలు వేసుకుంటూ తిరగాలి. నాన్నగారు పోయేనాటికి ఉన్న చిరునామా ఏ మండలంలోకి వస్తే అక్కడి తహసీల్దారుకే పెట్టాలి. విచారణకు వచ్చినప్పుడు ఆ వీధి వాళ్లు మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదంటారు, నిజమే కదా. అందుకే కాగితం బలంగా ఉండాలి: మీ పదో తరగతి మార్కుల మెమో, అందులో తండ్రి పేరు ఉంటుంది. జనన ధ్రువపత్రం, పాత రేషన్ కార్డు, అమ్మ పెళ్లి శుభలేఖ, ఫొటోలు. ఆయన సర్వీసు రిజిస్టర్‌లో కుటుంబ వివరాలు రాసిన పేజీ నకలు దొరికితే అంతకన్నా గట్టిది లేదు.

ఇక వీలునామా లేదు "అంటున్నారు" అన్నారు. అంటే సరిపోదు, వెతకాలి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసి అందులో లేదు కాబట్టి వీలునామా లేదనుకోవడం పొరపాటు. అమ్మకం, దఖలు, తనఖా ఇవన్నీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో 1వ పుస్తకంలోకి వెళతాయి, ఈసీ తీసేది దాని నుంచే. వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి, ఈసీలో కనిపించవు. రాసినాయన బతికుండగా ఆ నకలు ఇంకొకరికి ఇవ్వరు. పోయాక మరణ ధ్రువపత్రం జత చేసి ఎవరు అడిగినా ఇస్తారు. గుణదల, పటమట, గాంధీనగర్, నున్న, తుళ్లూరు, ఈ ఐదు చోట్లా వెతుకుడు దరఖాస్తు పెట్టండి. సీల్డు కవర్లో వీలునామా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే పద్ధతి కూడా ఉంది, అక్కడా ఒకసారి అడగండి.

ఈసీ కూడా తీయండి, అది వేరే పనికి. ఫ్లాటు ఆయన పేరునే ఉందా, బతికుండగానే దఖలు రాసేశారా అన్నది అందులో తెలుస్తుంది. రిజిస్టరైన దఖలు ఉంటే ఆ ఫ్లాటు వారసత్వంలోకి రాదు, దావా వేరే రకం అవుతుంది. ఒరిజినల్ దస్తావేజు వాళ్ల దగ్గరుందని కంగారు పడకండి. ఈసీలో ఉన్న నంబరుతో సర్టిఫైడ్ కాపీ మీకూ వస్తుంది.

#5 పటమటలంక

ఈసీ తీశాను. ఫ్లాటు నాన్న పేరునే ఉంది, దఖలు లేదు. 2016లో ఒక బ్యాంకుకి తనఖా పెట్టిన పత్రం ఒకటి కనిపిస్తోంది, రద్దు మాత్రం కనిపించడం లేదు.

#6 రిటైర్డ్ మేనేజరు

ఆ తనఖాయే మీకు మొదటి దారం. ఏ బ్యాంకో, ఏ బ్రాంచో అందులోనే ఉంది. మరణ ధ్రువపత్రంతో అక్కడికి వెళ్లి అప్పు ఎంత మిగిలిందో, ఆ అప్పుకి జోడించిన ఇన్సూరెన్స్ పాలసీ ఏమైనా ఉందో రాతపూర్వకంగా అడగండి. ఉంటే ఆ పాలసీయే బాకీ తీర్చేస్తుంది. చాలామంది అడగరు, గడువు దాటిపోతుంది.

మిగతా ఖాతాలు దొరికే దారి: కుటుంబ సభ్యుల పత్రం వచ్చాక ఇన్‌కంట్యాక్స్ ఈ-ఫైలింగ్ సైటులో నాన్నగారి పాన్ మీద లీగల్ హెయిర్‌గా నమోదు చేసుకోండి. అక్కడ ఏఐఎస్ (ఏడాది ఆదాయాల వివరాల పట్టిక) తెరిస్తే ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చింది, ఎక్కడ డివిడెండు వచ్చింది అన్నీ వరసగా ఉంటాయి. పాస్‌బుక్కుల కోసం ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు. పదేళ్లుగా కదలని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్లో పేరు, పాన్ లేదా పుట్టినతేదీ కొట్టి చూడవచ్చు.

నామినీ సంగతి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, యజమాని కాదు. పాలసీ డబ్బు విషయంలో 1984లోనూ, షేర్ల విషయంలో 2023 డిసెంబరులోనూ సుప్రీంకోర్టు అదే చెప్పింది. అవతల ఆవిడ నామినీ అయితే బ్యాంకు ఆవిడకే ఇస్తుంది. మీరు అభ్యంతరం రాసిచ్చినా ఆగదు, బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 45-జెడ్‌బీ ప్రకారం మీ ఉత్తరాన్ని బ్యాంకు పట్టించుకోనక్కర్లేదు. కోర్టు ఆర్డరు ఒక్కటే ఆపుతుంది. తీసుకున్నాక మీ వాటా ఆవిడ నుంచి రాబట్టుకోవాలి. నామినీ లేని ఖాతా అయితే మీ ఉత్తరానికి విలువ ఉంది, వివాదం ఉందని తెలిశాక బ్రాంచి ముందుకు పోదు.

నామినీ లేకపోయినా అందరూ ఒప్పుకుంటే కోర్టు అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు ఇండెమ్నిటీ బాండు (నష్టం వస్తే భరిస్తామనే హామీ పత్రం), మిగతా వారసుల సమ్మతి పత్రాలతో ఇచ్చేయాలి. బయటివాళ్ల జామీను అడగకూడదు. కాగితాలన్నీ అందాక 15 రోజులు గడువు.

ఇంకొక్క మాట. ఆయన ఏటీఎం కార్డు ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. పోయిన తర్వాత పడిన పెన్షన్ ట్రెజరీ వెనక్కి తీసుకుంటుంది, ఎవరు డ్రా చేస్తే వాళ్ల మెడకి. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్‌కి విడిగా సబ్ ట్రెజరీలో పెట్టండి, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నకలు అక్కడే దొరుకుతుంది. ఆ పెన్షన్ చట్టబద్ధమైన భార్యది.

#7 గవర్నరుపేట వకీలు

మేనేజరు గారి దానికి చిన్న చేర్పు. సమ్మతి కుదరకపోతే సక్సెషన్ ఓపీ, అంటే వారసత్వ సర్టిఫికెట్ కోసం కోర్టులో పిటిషన్ వేయాలి. 1925 భారతీయ వారసత్వ చట్టం 372వ సెక్షన్, నాన్నగారు మామూలుగా నివసించిన చోటి కోర్టులో, అంటే విజయవాడలోనే. అది డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీలకు మాత్రమే, ఇల్లూ పొలానికి పనికిరాదు. జాబితాలో రాసిన మొత్తం మీద కోర్టు ఫీజు ముందే జమ కట్టించుకుంటారు. అందుకని ఖాతాలన్నీ దొరికాకే వేయండి. తర్వాత ఇంకోటి బయటపడితే సర్టిఫికెట్ పొడిగింపుకి మళ్లీ పిటిషన్, మళ్లీ ఫీజు.

#8 బ్రాడీపేట 4వ లైను

ప్రోనోట్ల గురించి ఎవరూ ఎత్తలేదు. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో చావు ఇంటికి ముందు వచ్చేది అవే.

మొదటిది, మీ బాధ్యత ఎంత? నాన్న నుంచి మీకు ఎంత ఆస్తి వచ్చిందో అంతవరకే. మీ జీతం, మీ స్వంత ఇల్లు జప్తు చేయడానికి వీల్లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్. ఏమీ రాకపోతే ఏమీ కట్టక్కర్లేదు. "నాన్న అప్పు కొడుకు తీర్చాలి" అనే పాత ధర్మం 2005 సవరణతో పోయింది.

రెండోది, నోటు రెండు వైపులా ఫోన్లో ఫొటో తీసుకోండి. ముందు వైపు చూడాల్సింది తేదీ, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, రాసినవాడి పేరు, సాక్షులు. అసలు పని వెనక వైపు. డిమాండు నోటుకి రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే కాలపరిమితి. అది దాటకుండా బాకీదారుడు కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. కాబట్టి దొంగ నోట్లలో దొంగతనం ముందు ఉండదు, వెనక చెల్లులో ఉంటుంది. గడువు తీరడానికి పది రోజుల ముందు "రూ.1,000 జమ" అని ఒక లైను, కింద కొంచెం వణికినట్టున్న సంతకం. ఆ తేదీన ఆయన ఆసుపత్రిలో ఉన్నారా, సంతకం ఫ్లాటు దస్తావేజులో సంతకంలా ఉందా, సిరా ముందు వైపు సిరాతో కలుస్తోందా చూడండి. సంతకం సరిపోల్చడానికి సర్టిఫైడ్ కాపీ చాలదు, కేసు నడిస్తే ఒరిజినల్ తెప్పించాలి. బ్యాంకులో స్పెసిమెన్ సంతకం కూడా ఉంటుంది.

మూడోది, గొడవ ఎందుకులే అని మీరు వెయ్యి రూపాయలు ఇచ్చి వెనక సంతకం పెట్టారంటే ఆ నోటు మీద గడువుకి మీరే ప్రాణం పోసినట్టు. పెద్దమనుషుల ముందు "చూసుకుంటాంలే" అని రాసివ్వడం కూడా వద్దు.

నూటికి 2 రూపాయల వడ్డీ అని ఉంటే 4 లక్షల మీద నెలకు 8 వేలు, మూడేళ్లకి 2 లక్షల 88 వేలు. వాళ్లు చెప్పే మొత్తం ఈ లెక్కకి వస్తుందో లేదో చూడండి. చక్రవడ్డీ వేసుకొస్తారు.

#9 మెట్టభూమి

తుళ్లూరు పొలం గురించి. మెట్ట పట్టా భూమి ఎకరానికి 1,000 గజాలు నివాస స్థలం, 250 గజాలు వాణిజ్య స్థలం. మీ ఎకరం 40కి 1,400, 350 గజాలు రావాలి. మొదటి ఏడు ఎకరానికి 30 వేలు కౌలు, ఏటా 3 వేలు పెంపు, పదేళ్లకి. నాన్నగారి ఖాతాలో కౌలు ఏ ఏడాది వరకు పడిందో, ప్లాట్లు రిజిస్టరయ్యాయో లేదో సీఆర్‌డీఏలో (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థలో) అడగండి. పాత సర్వే నంబరు చెబితే చాలదు, పూలింగులో ఇచ్చిన ఒప్పందం నంబరు, ప్లాటు నంబరు కావాలి.

350 గజాల వాణిజ్య ప్లాటుని ఐదు ముక్కలు చేస్తే తలా 70 గజాలు, దేనికీ పనికిరాదు. ప్లాటుని ప్లాటుగా ఒకరికిచ్చి ఫ్లాటులో సర్దుకోవడమో, కలిసి అమ్మి డబ్బు పంచుకోవడమో మేలు.

#10 గవర్నరుపేట వకీలు

అసలు ఆ పొలం ఐదు వాటాలేనా అన్నది ముందు తేలాలి. తాతగారు ఎప్పుడు పోయారు? ఆయన స్వార్జితం, 1956 తర్వాత రాయకుండా పోయారంటే నాన్నగారికి వచ్చింది ఆయన స్వంతం, ఐదు వాటాలే. ఇది 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. అలా కాక ముత్తాతల నాటి ఉమ్మడి ఆస్తి, పంపకంలో నాన్నగారి శాఖకి పడిందీ అయితే లెక్క మారుతుంది. అప్పుడు మీరూ, అక్కా పుట్టుకతో హక్కుదారులు. ఆడపిల్ల హక్కు మీద 2020 ఆగస్టు తీర్పు తర్వాత సందేహమే లేదు. నాన్న, మీరు, అక్క తలా మూడో వంతు. నాన్నగారి మూడో వంతు మళ్లీ ఐదు. అంటే మీకూ అక్కకీ పదిహేనులో ఆరేసి, అమ్మకు, నాయనమ్మకు, అబ్బాయికి ఒక్కొక్కటి. ఆ అబ్బాయికి నాన్నగారి భాగంలోనే తప్ప పుట్టుకతో ఉమ్మడిలో హక్కు రాదు, 2023 సెప్టెంబరు తీర్పు. తేడా చూశారా, ఐదో వంతు ఎక్కడ, ఐదింట రెండు వంతులు ఎక్కడ. పెదనాన్న దగ్గర పాత పంపకం దస్తావేజు ఉంటుంది, అది చదవకుండా పెద్దమనుషుల్లో కూర్చోవద్దు.

#11 కొరిటెపాడు

మధ్యలో అడుగుతున్నాను. ఇదే పరిస్థితి క్రైస్తవ కుటుంబంలో అయితే?

#12 గవర్నరుపేట వకీలు

భారతీయ వారసత్వ చట్టమే. భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. పిల్లలుంటే పోయినాయన తల్లికి రాదు. ముస్లిం కుటుంబమైతే షరియత్ లెక్క, అప్పులు తీరాకే పంపకం, కొడుక్కి కూతురి వాటాకి రెట్టింపు. వివరాలకు వేరే చర్చ తెరవండి.

#13 పటమటలంక

పొలం తాతగారు కొన్నదే, 1971 దస్తావేజు. ఆయన 1994లో పోయారు, ఏమీ రాయలేదట. తర్వాత అన్నదమ్ములు రిజిస్టరు పంపకం చేసుకున్నారు. అంటే ఐదు వాటాలు. సరే. ఇప్పుడు అక్క నాకు వదిలేస్తానంటోంది. 2009లో అమ్మ చేత పెద్దమనుషులు ఒక కాగితం రాయించుకున్నారు, 2 లక్షలు తీసుకుని ఇక ఏ హక్కూ అడగను అని. అది అడ్డమా?

#14 దస్తావేజు రైటరు

మనిషి బతికుండగా ఆయన వారసత్వాన్ని ముందే వదులుకునే హక్కు ఎవరికీ లేదు, ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్. ఆ కాగితం నకలు మాత్రం సంపాదించండి. డబ్బు తీసుకున్నారు కాబట్టి ఇప్పుడు మాట మార్చకూడదని వాదించడానికి వాడతారు, దానికి వకీలు గారు సిద్ధంగా ఉండాలి.

అక్క వదిలేయడం నోటిమాటతో, వాట్సాప్‌తో కాదు. స్థిరాస్తిలో హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాల్సిందే. అక్కడి నోటరీ ముందు జీపీఏ (తన తరఫున పని చేయడానికి ఇచ్చే అధికార పత్రం) సంతకం, ఆపైన అపోస్టిల్ (విదేశీ పత్రం అసలైనదని ఇచ్చే ధ్రువీకరణ) గానీ కాన్సులేట్ ముద్ర గానీ. ఇండియాకి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు దాటించి పెనాల్టీ కట్టేవాళ్లే ఎక్కువ. జీపీఏలో విడుదల, సంతకం, రిజిస్ట్రేషన్ హాజరు అని ఏ పనికి ఆ పని రాయండి. "సర్వాధికారాలు" అన్న పదం రాస్తే సబ్ రిజిస్ట్రారుకీ అనుమానం, తర్వాత అక్కకీ అనుమానం.

పెద్ద చిక్కు ఆ 16 ఏళ్ల అబ్బాయి. మైనరు వాటాని తల్లి అమ్మాలన్నా వదలాలన్నా కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేకుండా రాయించుకుంటే అతను 18 నిండాక 3 ఏళ్లలోపు రద్దు చేయించవచ్చు, అంటే 21 వచ్చేదాకా మీ టైటిల్ మీద మచ్చ. కాబట్టి అతని వాటా తగ్గించే ఏర్పాటు ఏదీ ఒప్పుకోకండి, మీకు లాభమనిపించినా.

#15 కృష్ణలంక

ఈలోపు వాళ్లు ఫ్లాటు అమ్మేస్తే? రిజిస్ట్రారుకి అర్జీ పెడితే ఆపుతారా?

#16 గవర్నరుపేట వకీలు

కోర్టు ఉత్తర్వు లేకుండా సబ్ రిజిస్ట్రారు ఆపరు. అర్జీ రికార్డుకి పనికొస్తుంది, అంతే. భాగాల దావా వేసి ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) అడగాలి. దావా పడ్డాక కొన్నవాడు తీర్పుకి కట్టుబడాల్సిందే. దావా వేసేటప్పుడు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని రాస్తే కోర్టు ఫీజు నామమాత్రం, మమ్మల్ని బయటికి నెట్టారని రాస్తే మీ వాటా విలువ మీద కట్టాలి. అందుకే తాళాలు పగలగొట్టే పనులూ, "మమ్మల్ని వెళ్లగొట్టారు" అనే పోలీసు ఫిర్యాదులూ తొందరపడి పెట్టకండి. దావాకి ముందు లోక్ అదాలత్‌లో ప్రీ-లిటిగేషన్ అర్జీ ఒకసారి చూడండి. ఖర్చు లేదు, కుదిరితే అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

ఫ్లాటులో బీరువా తెరవాల్సి వస్తే రెండు పక్షాలూ, అపార్టుమెంట్ సెక్రటరీ ఉండగా తెరవండి. దొరికిన ప్రతి కాగితానికీ వరస నంబరు, బంగారానికి తూకం, వీడియో, చివర అందరి సంతకాలు.

#17 దస్తావేజు రైటరు

పటమటలంక గారూ, మరణ ధ్రువపత్రంలో పేరు, ఫ్లాటు దస్తావేజులో పేరు, మీ మెమోలో తండ్రి పేరు, మూడూ పక్కపక్కన పెట్టి చూశారా?

#18 పటమటలంక

ఇప్పుడే చూశాను. దస్తావేజులో, మెమోలో చివర "రావు" ఉంది. మరణ ధ్రువపత్రంలో లేదు. ఇంటిపేరు కూడా అక్షరమే వేశారు.

#19 దస్తావేజు రైటరు

అయితే రేపు పొద్దున్న పని అదే. ఆసుపత్రి పంపిన ఫారంలో ఏం రాశారో కనుక్కుని, ఆయన ఆధార్, దస్తావేజు నకలు, తెలిసిన ఇద్దరి డిక్లరేషన్లతో కార్పొరేషన్ జనన మరణాల విభాగంలో సవరణకి పెట్టండి, 1969 చట్టం 15వ సెక్షన్. సరిచేసిన పత్రం కనీసం పది నకళ్లు తీసుకోండి. అది చేతికి రాకముందు సచివాలయంలో గానీ బ్యాంకులో గానీ పాతది ఇవ్వకండి.